సేజ్ విల్లు ఏడాదిన్నర వాడాక చెబుతున్నా: 25 పౌండ్లతోనే మొదలుపెట్టండి

ముందే చెప్పేస్తున్నా. విల్లు పట్టడం కొత్తగా నేర్చుకోవాలనుకునే పెద్దవాళ్ళకి సేజ్ మంచి విల్లు, పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది, కాకపోతే 25 పౌండ్ల లింబ్‌లతో కొనండి, మహా అయితే 30. (లింబ్‌లంటే వింటికి పైనా కిందా వంగే భాగాలు, పౌండ్లంటే నారి లాగడానికి పట్టే బలం.) నేను 40తో కొన్నాను. ఆ ఒక్క అంకె దగ్గర పొరపాటు పడినందుకు నాలుగు నెలలు పోయాయి, కుడి భుజం పట్టేసింది, మళ్ళీ డబ్బు పెట్టి రెండో జత లింబ్‌లు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అదే. ఇంటర్నెట్‌లో ఈ విల్లు గురించి ఇంగ్లీషులో బోలెడంత ఉంది, తెలుగులో నాకైతే ఒక్క ముక్క కనపడలేదు, మనవాళ్ళెవరైనా కొనబోయే ముందు ఇది చదివి ఆ అంకె మార్చుకుంటే నాకు అంతే చాలు.

నేనుండేది ఒహాయోలో, కొలంబస్ శివారులో. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. 2023 అక్టోబరులో హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు కొట్టింది కదా, అప్పుడు రాత్రిళ్ళు కూర్చుని చూశాను, మా పాప కూడా నిద్ర మానుకుని నా పక్కనే కూర్చుంది, అక్కణ్ణించి మొదలైంది ఇదంతా. అయితే సురేఖ వాడేది కాంపౌండ్ విల్లు. చివర్లలో చక్రాలుంటాయి, పూర్తిగా లాగాక ఆ చక్రాల పుణ్యమా అని చేతి మీద బరువు చాలా వరకు తగ్గిపోతుంది. అదే ఊరి కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ వాడేది రికర్వ్, అంటే కొసలు ముందుకు వంగి ఉండే విల్లు, ఒలింపిక్స్‌లో 70 మీటర్ల నుంచి కొట్టే రకం. పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళాడు, పతకం కొద్దిలో తప్పింది, ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఒలింపిక్ రికర్వ్‌కి గురి చూసుకునే సైట్ ఉంటుంది, విల్లు కదలకుండా ముందుకు పొడుచుకొచ్చిన స్టెబిలైజర్ కడ్డీలుంటాయి, సరిగ్గా ఎంత లాగాలో చెప్పే క్లిక్కర్ ఉంటుంది. నేను కొన్నది ఈ రెండూ కాదు. ట్రెడిషనల్ రికర్వ్ అంటే ఇవేవీ లేకుండా ఒట్టి విల్లు, నారి, బాణం, మన కన్ను. అంతే. దీంట్లో బరువు తగ్గించే చక్రం లేదు కాబట్టి లాగిన ప్రతి అంగుళమూ మన వీపు మోయాల్సిందే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత చెప్పేదంతా దీని మీదే నడుస్తుంది.

విల్లు సంగతికొస్తాను. చాలా ఏళ్ళు శామిక్ సేజ్ పేరుతో అమ్మిన మోడల్ ఇది, ఇప్పుడు గెలాక్సీ సేజ్ పేరుతో దొరుకుతోంది, నా దగ్గరున్నది అదే. పొడవు 62 అంగుళాలు. మూడు ముక్కలుగా వస్తుంది: మధ్యలో పట్టుకునే చెక్క భాగం రైజర్, దానికి పైనొకటి కిందొకటి రెండు లింబ్‌లు. లింబ్‌ల లోపల చెక్క, బయట ఫైబర్‌గ్లాస్ పూత. ఒక్కో బోల్టు బిగిస్తే విల్లు తయారు, విప్పేస్తే ఆఫీసు బ్యాక్‌ప్యాక్‌కి కాస్త పెద్దదైన సంచిలో పట్టేస్తుంది. అక్షరాలు రాసి ఉన్న లింబ్ కిందికి రావాలి, మొదటిరోజు నేను అది పైకి పెట్టి, పేరు అందంగా కనిపిస్తోందని మురిసిపోయాను. రైజర్ నాలుగు రంగుల చెక్క పొరలు అతికించి చెక్కినట్టు ఉంటుంది. ఫోటోల్లో కొంచెం మెరుపు ఎక్కువగా కనిపిస్తుంది కానీ చేతిలోకి తీసుకున్నాక ఆ చెక్క వెచ్చదనం వేరు. ఏడాదిన్నర చెమట పట్టాక నా దానికి బొటనవేలి మొదలు ఆనే చోట చిన్న నునుపు మచ్చ పడింది, ఇప్పుడు కళ్ళు మూసుకుని పట్టుకున్నా చెయ్యి తనంతట తానే అక్కడికి వెళ్ళి కూర్చుంటుంది.

ఈ విల్లుకి అసలు విలువ ఎక్కడుందంటే లింబ్‌లు మార్చుకోవడంలో. 25 నుంచి 60 పౌండ్ల దాకా, ఐదేసి పౌండ్ల తేడాతో, ఇదే రైజర్‌కి లింబ్‌లు దొరుకుతాయి. అంటే తేలికతో మొదలుపెట్టి, వీపుకి బలం వచ్చాక లింబ్‌లు మాత్రం కొనుక్కుంటే చాలు, కొత్త విల్లు అక్కర్లేదు. ఇంత సుళువు పెట్టుకుని కూడా జనం మొదటే బరువుది ఎందుకు కొంటారో నాకిప్పుడు అర్థం కాదు, కానీ నేనూ అదే చేశాను.

ఎలా జరిగిందో చెబుతా. దగ్గర్లో ఉన్న ఒక స్పోర్ట్స్ షాపుకి వెళ్ళాను, పేరెందుకు లెండి. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు నన్ను పైనుంచి కిందికి చూసి, జిమ్‌కి వెళ్తారా అని అడిగి, అప్పుడప్పుడూ అంటే, అయితే మీకు 40, 45 అయినా ఫర్వాలేదు, 25 పిల్లలకి, త్వరగా విసుగొస్తుంది అన్నాడు. నా చెయ్యి ఎంత పొడవో కొలవలేదు. ఏ కన్ను ముందు చూస్తుందో, అంటే గురికి మెదడు ఏ కంటిని నమ్ముతుందో, అడగలేదు. నాకూ తెలీదు కాబట్టి తలూపి 40 అని ఖాయం చేసుకున్నాను.

ఇక్కడ ఆ పౌండ్ల లెక్క ఏంటో కొంచెం చెప్పాలి. లింబ్ మీద 40 అని రాసి ఉంటే, నారిని 28 అంగుళాల దాకా లాగినప్పుడు 40 పౌండ్ల బరువు అని అర్థం. మనందరి చేతులూ 28 అంగుళాలు లాగవు. చేతులు రెండూ బార్లా చాపి ఈ కొన నుంచి ఆ కొన దాకా అంగుళాల్లో కొలిచి 2.5తో భాగిస్తే మన డ్రా లెంగ్త్, అంటే మనం నారి లాగే దూరం, రమారమి వస్తుంది. నాది 66 అంగుళాల బార, అంటే 26 చిల్లర. ఒక్కో అంగుళం తగ్గితే రెండు రెండున్నర పౌండ్లు తగ్గుతాయి, కాబట్టి నా చేతికి నిజంగా వచ్చే బరువు 36, 37 పౌండ్లు. జిమ్‌లో దీనికి రెండింతలు లాగగలను, ఇదెంత అనుకున్నాను. కానీ జిమ్‌లో లాగి వదిలేస్తాం. ఇక్కడ లాగాలి, లాగి ఆగాలి, ఆగినప్పుడు వణక్కూడదు, ఆ నిలకడలో గురి చూడాలి, తర్వాత వేళ్ళు వదులు చేయాలి, అదీ ఒకసారి కాదు, సాయంత్రం కూర్చుంటే 80, 100 సార్లు. ఆ పని చేసేవి భుజం వెనక, రెక్క ఎముకల మధ్య ఉండే కండరాలు, కుర్చీలో కూర్చుని పనిచేసే మనలో అవి నిద్రపోతూ ఉంటాయి.

రెండో వారానికే వణుకు మొదలైంది. ఇరవయ్యో బాణానికి నారి నోటి మూల దాకా రావడం మానేసింది, అంగుళం ముందే వేళ్ళు వాటంతటవే జారిపోయేవి, బాణం ఎక్కడికో పోయేది. ఎక్కడికి పోయిందో తెలీక నేను చెయ్యి మార్చేవాణ్ణి, నిలబడే తీరు మార్చేవాణ్ణి, గురి మార్చేవాణ్ణి, ఇలా తప్పు మీద తప్పు పేర్చుకుంటూ పోయాను. మూడో నెలలో కుడి భుజం పైకి లేవడం మానేసింది. కారులో సీటుబెల్టు లాక్కోవడానికి ఎడమ చెయ్యి వాడేవాణ్ణి. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి, "ఏం బరువులెత్తావురా నాన్నా, ముఖం అలా పెట్టావు?" అంటే బాణాలు వేస్తున్నానని చెప్పడానికి నోరు రాలేదు. డాక్టర్ ఆరు వారాలు ముట్టుకోవద్దన్నారు.

ఆ ఆరు వారాల్లో కూడా ఆదివారాలు కౌంటీ పార్కులో బాణాలు వేసే రేంజ్‌కి ఊరికే వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాణ్ణి. అక్కడ ఒక పెద్దాయన వచ్చేవారు, డెబ్భై దాటి ఉంటాయి, నలభై ఏళ్ళుగా విల్లు పడుతున్నారట. ఆయన కొడుతుంటే చప్పుడే ఉండదు, తలుపు మెల్లగా మూసినట్టు ఒక చిన్న శబ్దం, అంతే, బాణం అక్కడ ఉంటుంది. ఎన్ని పౌండ్లని అడిగాను. 28 అన్నారు. నేను నమ్మలేదు. తన విల్లు నా చేతికిచ్చి, భుజం నొప్పి పుడితే అక్కడే ఆపేయమని, బాణం పెట్టకుండా నారి సగం లాగి మెల్లగా వెనక్కి తీసుకురమ్మన్నారు. తర్వాత ఒక చిన్న పరీక్ష చెప్పారు, ఇది కొనబోయే ప్రతివాళ్ళూ చేయాలి: విల్లు పూర్తిగా లాగి పట్టుకుని పది అంకెలు లెక్కపెట్టు, మెల్లగా వెనక్కి దించు, అలా వరసగా మూడుసార్లు చెయ్యి. మూడోసారి విల్లు పట్టిన చెయ్యి వణికితే ఆ బరువు నీది కాదు. (వదిలేయకూడదు, దించాలి. బాణం లేకుండా నారి వదిలితే ఆ శక్తి అంతా లింబ్‌ల మీద పడి విల్లు పగిలిపోవచ్చు. ఏ విల్లు ముట్టుకున్నా మొట్టమొదట తెలుసుకోవాల్సింది ఇదే, మీ విల్లు చూడ్డానికి వచ్చిన ఫ్రెండ్స్‌కి కూడా ముందే చెప్పండి, ఎందుకంటే చేతికి ఇవ్వగానే అందరూ చేసేది అదే.)

భుజం కుదుటపడ్డాక 25 పౌండ్ల లింబ్‌లు తెప్పించుకున్నాను. నా చేతికి 22 దగ్గర. మొదటి నెల టార్గెట్ కాగితమే పెట్టలేదు. మూడు గజాల దూరంలో ఒట్టి ఫోమ్ దిమ్మ, అంత దగ్గర్నుంచి తగలకపోయే ప్రశ్నే లేదు కాబట్టి గురి గురించి టెన్షన్ ఉండదు, కళ్ళు మూసుకుని శరీరం ఏం చేస్తోందో గమనించడమే పని. పాదాలు భుజాల వెడల్పు. చూపుడువేలు బాణం పైన, మధ్య, ఉంగరపు వేళ్ళు కింద. విల్లుని పిడికిలితో బిగించకుండా అరచేతి మొదట్లో ఆనించి ఊరికే ఉంచడం. లాగేటప్పుడు చేత్తో కాదు, మోచేతిని ఎవరో వెనక నుంచి లాగుతున్నట్టు. చూపుడువేలి కొస నోటి మూలకి తగిలితే ఆగు. ఆ చోటు రోజుకోలా ఉంటే బాణం కూడా రోజుకోలా పోతుంది, సైట్ లేని వింటికి అదే సైట్. 25 పౌండ్లతో ఆ చోట ఆగడానికి నాకు తీరిక దొరికింది. 40తో ఆ తీరిక ఎప్పుడూ లేదు, ఎప్పుడు వదిలేద్దామా అన్న ఆరాటమే. మొదటిసారి వదిలినట్టు తెలియకుండానే నారి వేళ్ళ మీంచి జారి, చెయ్యి తనంతట తాను చెవి పక్కకి వెళ్ళి ఆగిన ఆ సాయంత్రం నాకింకా గుర్తుంది, బాణం దిమ్మలో దిగిన చప్పుడు విన్నాక గానీ కళ్ళు తెరవలేదు.

గురి ఎలా అని చాలామంది అడుగుతారు. కొందరు లక్ష్యాన్ని తప్ప ఇంకేం చూడకుండా కొడతారు, బంతి విసిరినట్టు. నాకది కుదరలేదు. నేను బాణం మొన ఎక్కడ కనిపిస్తోందో చూసుకుంటాను: 10 గజాల దగ్గర మొనని కొట్టాల్సిన చోటికి దాదాపు అడుగున్నర కింద పెడతాను, దూరం మారే కొద్దీ ఆ ఖాళీ కూడా మారుతుంది. ఇది ఎవరికి వాళ్ళు కొట్టి తెలుసుకోవాల్సిన లెక్క. ఇప్పుడు 15 గజాల నుంచి పేపర్ ప్లేటులో ఆరింటికి ఐదు పడుతున్నాయి.

నారి ఎక్కించడం గురించి. సీతాస్వయంవరం కథ చిన్నప్పటి నుంచి వింటున్నాం, ఆ విల్లు ఎక్కుపెట్టడమే పరీక్ష అంటే, ఎక్కుపెట్టడంలో అంత ఏముంది, కొట్టడం కదా కష్టం అనుకునేవాణ్ణి. విల్లు చేతికొచ్చాక తెలిసింది. చాలామంది వింటి మధ్యలోంచి కాలు దూర్చి తొడ మీద వంచి నారి తగిలిస్తారు, సినిమాల్లో కూడా అలాగే చూపిస్తారు, కానీ అలా చేస్తే లింబ్ మెలిపడే ప్రమాదముంది, జారితే మొహానికి తగులుతుంది. స్ట్రింగర్ అని ఒక తాడు దొరుకుతుంది, పదిహేను ఇరవై డాలర్లు, రెండు చివర్లా టోపీల్లాంటివి ఉంటాయి, అవి లింబ్ కొసలకి తొడిగి తాడు మీద కాలేసి విల్లుని పైకి ఎత్తితే దానంతటది వంగుతుంది, నారి కన్నాన్ని కొస గాడిలోకి జరిపితే చాలు. అది లేకుండా విల్లు కొనకండి. కొట్టడం అయ్యాక నారి దించి పెట్టండి, ఎండలో కారులో మాత్రం వదలొద్దు, వేసవిలో కారు లోపలి వేడికి అతికిన పొరలు విడిపోవచ్చు. 62 అంగుళాల వింటికి నారి నిజమైన పొడవు 58 అంగుళాలు. రైజర్ పట్టుకునే చోటి నుంచి నారికి ఎంత దూరమో దాన్ని బ్రేస్ హైట్ అంటారు, దీనికి ఏడున్నర నుంచి ఎనిమిదింపావు అంగుళాల మధ్య ఉండాలి. తక్కువుంటే నారి తీసి కొన్ని మెలికలు వేస్తే దూరం పెరుగుతుంది. నాది ఎనిమిది దగ్గర చప్పుడు తగ్గింది, అక్కడే ఉంచేశాను.

బాణాల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. నేను వింటికి డబ్బంతా పెట్టి బాణాలు చౌకలో తెప్పించాను, ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర డజను, ఏ వింటికైనా సరిపోతాయని రాసుకున్నాడు. అలాంటి బాణం ఉండదు. ఎందుకంటే నారి వదలగానే బాణం తిన్నగా పోదు, వంగుతుంది, పాము కదిలినట్టు అటూ ఇటూ వంగుతూ రైజర్ పక్క నుంచి తప్పుకుని వెళ్ళి తర్వాత తిన్నబడుతుంది. ఎంత వంగాలన్నది వింటి బరువుని బట్టి ఉండాలి. ఆ వంగే గుణాన్ని స్పైన్ అంటారు: 28 అంగుళాల ఎడంలో రెండు ఆనుల మీద బాణపు కడ్డీని ఉంచి మధ్యలో 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే అర అంగుళం వంగితే దాని స్పైన్ 500. అంటే అంకె పెద్దదయ్యే కొద్దీ కడ్డీ మెతక. నాకు వచ్చినవి 400 స్పైన్, గట్టి కడ్డీలు, 25 పౌండ్ల వింటికి అవి వంగనే వంగవు. ప్రతి బాణమూ రైజర్‌కి టక్కున తగిలి ఎడమకి పోయేది, నేనేమో నా చెయ్యి తప్పనుకుంటూ ఇంకో నెల గడిపేశాను. పెద్దాయనే ఒక బాణానికి ఈకలు పీకేసి కొట్టమన్నారు. ఈకలుంటే బాణం తప్పుని అవి సర్దేస్తాయి, ఈకల్లేని కడ్డీ నిజం చెబుతుంది: కుడిచేత్తో లాగేవాళ్ళకి ఈకలున్న బాణాలకంటే ఎడమకి పోతే కడ్డీ గట్టిది, కుడికి పోతే మెతక. నాది రెండడుగులు ఎడమకి పోయింది. చివరికి 800 స్పైన్ దగ్గర కుదిరింది. ఆరు మంచి బాణాలు, సరైన స్పైన్‌తో, చాలు. డజను ఎందుకూ పనికిరానివి కొనేకంటే అదే మేలు.

ఇంకో మాట, ప్లాస్టిక్ రెక్కలున్న బాణాలు తీసుకోకండి. ఈ విల్లుని చాలామంది బాణం ఆనించే రెస్ట్ విడిగా పెట్టకుండా రైజర్ మీదున్న చిన్న అరుగు మీంచే కొడతారు, నేనూ అంతే, అప్పుడు నిజమైన ఈకలైతే అరుగుకి తగిలి ముడుచుకుని వెళ్ళిపోతాయి, ప్లాస్టిక్ అయితే ఎగిరిపడుతుంది. ఈక కాడ చివర చూపుడువేలి మీద గీరి నాకు రెండు వారాలు చిన్న గాటు ఉండిపోయింది. కాడ మొదట్లో ఒక చుక్క జిగురు వేస్తే గీరడం పోయింది.

చేతికి ఆర్మ్ గార్డ్, నారి లాగే వేళ్ళకి టాబ్ (వేళ్ళని కాపాడే చిన్న ముక్క) గానీ గ్లవ్ గానీ తప్పనిసరి. ఎడమ మోచేతిని బయటివైపుకి తిప్పి ఉంచడం అలవాటయ్యేదాకా నారి ముంజేతిని కొరడాలా కొడుతుంది, నాకు వంకాయ రంగులో గుడ్డంత కమిలింది, ఆఫీసులో పొడుగు చేతుల చొక్కాలే వేసుకెళ్ళాను. కొనేముందు ఏ కన్ను ముందు చూస్తుందో కూడా చూసుకోండి: రెండు చేతులూ చాపి వేళ్ళ మధ్య చిన్న సందు చేసి దూరంగా ఉన్న గడియారాన్ని చూడండి, ఒక్కో కన్ను మూయండి, ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అది మీది. మా ఆవిడ కుడిచేతి వాటమే కానీ ఎడమ కన్ను ముందు చూస్తుంది, నా విల్లుతో బాణాలన్నీ ఎడమకి ఎందుకు పోతున్నాయో మాకు నెల దాకా అర్థం కాలేదు. ఆమెకి ఎడమచేతి విల్లు కావాలి. సేజ్‌లో అదీ దొరుకుతుంది, కుడిచేతి విల్లు అంటే కుడిచేత్తో నారి లాగేదని గుర్తుపెట్టుకోండి, ఇక్కడ చాలామంది తికమకపడి తప్పుది తెప్పించుకుంటారు.

పెరట్లో కొట్టొచ్చా అని అడిగేవాళ్ళకి: మీ ఊరి నిబంధనలు, హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) కాగితాలు చూశాకే. మా దగ్గర ఇళ్ళ మధ్య కుదరదు, అందుకే పార్కు రేంజ్‌కే వెళ్తాను. 25 పౌండ్లంటే ఆటబొమ్మ కాదు, తప్పిన బాణం పక్కింటి కంచె దాటి పోగలదు. టార్గెట్ వెనక ఏముందో చూడకుండా నారి మీద బాణం పెట్టకూడదు.

సేజ్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. వింటితో వచ్చే నారి పని నడిపిస్తుంది, అంతకంటే చెప్పడానికి లేదు, ఆరు నెలలకి మంచిది కొనుక్కున్నాను. లింబ్‌లు బోల్టుతో కూర్చునే పద్ధతి దీనిది, ఒలింపిక్ వాళ్ళు వాడే ఐఎల్ఎఫ్ అనే వేరే రకం బిగింపు లింబ్‌లు దీనికి ఎక్కవు, కాబట్టి మీ పిల్లల్ని పోటీల దాకా పంపాలనుకుంటే ఇది కాదు దారి, మొదటి నుంచీ కోచ్ చెప్పిన పరికరం కొనండి. బాగా పొడుగ్గా ఉండి 29, 30 అంగుళాలు లాగేవాళ్ళకి 62 అంగుళాల విల్లు పొట్టి, చివర్లో బరువు ఒక్కసారిగా పెరుగుతుంది, నారి వేళ్ళని నొక్కుతుంది, వాళ్ళు ఇంకా పొడవైనది చూసుకోవాలి. పదేళ్ళ పిల్లలకి కూడా ఇది పెద్దది, మా పాపకి వేరే చిన్న విల్లు కొన్నాం, 15 పౌండ్లది, ఆమె నాకంటే ముందే బాగా కొట్టింది, బరువుతో పోట్లాట లేకపోవడమే దానికి కారణమని నా నమ్మకం.

ఆంధ్రా, తెలంగాణల్లో ఉండి చదువుతున్నవాళ్ళకి: ఇదే విల్లు తెప్పించుకోవాలని తాపత్రయపడొద్దు. మన దేశంలో ఇండియన్ రౌండ్ అని వెదురు వింటితో పోటీలు జరుగుతాయి, 50 మీటర్లు, 30 మీటర్లు, దాంతో మొదలుపెట్టి రికర్వ్‌కి వెళ్ళినవాళ్ళు ఎందరో. ఆ వెదురు విల్లు ధర దీంతో పోలిస్తే చాలా తక్కువ, నేర్పేవాళ్ళు దగ్గరుంటారు, విజయవాడ లాంటి ఊళ్ళో అయితే మరీనూ. నల్లమల చెంచులూ, గోదావరి ఏజెన్సీ కోయలూ తరతరాలుగా పడుతున్న విల్లు కూడా వెదురుదే. మా తాతగారిది రంపచోడవరం పక్క, మన్యం నుంచి సంతకి వచ్చేవాళ్ళ భుజాన ఉండే ఆ సన్నటి విల్లు గురించి ఆయన చెబుతుంటే విన్నాను. ఇక్కడ నూట యాభై డాలర్లు పోసి నేను నేర్చుకున్నది ఆ సంతలో పదేళ్ళ పిల్లాడికి వచ్చు.

ఖర్చు లెక్క. విల్లు 150 డాలర్ల చుట్టుపక్కల. ఆరు బాణాలు 60, 70. స్ట్రింగర్, టాబ్, ఆర్మ్ గార్డ్ కలిపి 50. ఇంట్లో ఫోమ్ దిమ్మ పెట్టుకుంటే ఇంకో 60 నుంచి 100, రేంజ్‌కి వెళ్తే అదీ అక్కర్లేదు. ఇవి నేను కొన్నప్పటి ధరలు, అటూ ఇటూ ఉంటాయి. ఇందులో ఏదైనా తగ్గించాలనుకుంటే దిమ్మ తగ్గించండి, బాణాలు కాదు. మిగిలిన డబ్బుతో ఎవరి దగ్గరైనా రెండు మూడు క్లాసులు చెప్పించుకోండి, నేను మొదట ఆ పని చేసుంటే ఆ షాపులో 40 అనేవాణ్ణే కాదు.

నా పాత 40 పౌండ్ల లింబ్‌లు పాత పంచెలో చుట్టి అల్మరాలో పైన పెట్టాను. అమ్మలేదు. పోయిన ఆదివారం పెద్దాయన నా చేత పది అంకెల పరీక్ష మళ్ళీ చేయించారు, తన రైజర్‌కి 30 లింబ్‌లు బిగించి. మూడోసారి కూడా చెయ్యి కదల్లేదు. ఈ వారం 30వి ఆర్డర్ పెడుతున్నాను.